పది మీటల పోపుల పెట్టె

ఈమధ్య మా పక్కింటి శ్రావణి కొత్త ఉద్యోగంలో చేరింది. ఆఫీసుల్లో మనుషులు రోజూ కంప్యూటరు ముందు కూర్చుని చేసే పనుల్ని ఆ కంప్యూటరు చేతే చేయించడం వాళ్ల కంపెనీ పనట. మొన్న ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి నాకు చూపించింది. తెర మీద ఎడమ పక్క చిన్న చిన్న పనులన్నీ వరసగా ఉన్నాయి. ఫైలు తెరువు, ఫలానా గడిలోని అంకె తీసుకో, కాగితం అచ్చెయ్యి, ఇలాంటివి. మనకు తరచు కావలసిన పని పక్కన నక్షత్రం గుర్తు నొక్కితే అది ఫేవరెట్స్ అనే అరలోకి పోయి కూర్చుంటుంది. మళ్లీ కావాలంటే అక్కడి నుంచి లాక్కోవడమే.

"మీ రోజుల్లో ఇలాంటివి ఎక్కడున్నాయిలే పెద్దమ్మా" అంది జాలిగా.

నాకు చురుక్కుమంది. ఎక్కడున్నాయంటే, మాచర్లకీ గురజాలకీ మధ్య ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఉన్నాయి. ఎనభైల్లోనే ఉన్నాయి. నక్షత్రం గుర్తు లేదు గానీ, చీరల పెట్టె అట్టముక్క ఉండేది. దాని మీద స్కెచ్ పెన్నుతో తెలుగులో రాసిన పేర్లు ఉండేవి. ఆ అట్టముక్క నాది, ఆ రాత నాది. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే శ్రావణి లాంటి పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. అవి సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి, దాన్ని చదివే ఓపిక నాకే లేదు.

యంత్రం

నరసరావుపేటలో బీఎస్సీ చదివి, టైపు హయ్యరు పాసై, గుంటూరులో కంప్యూటరు కోర్సు చేశాను. ఆ ఫ్యాక్టరీలో టైపిస్టుగా చేరిన కొన్నాళ్లకే కంప్యూటరు దిగింది. చుట్టుపక్కల ఊళ్లలో దాన్ని చూసినవాళ్లే లేరు. కోర్సు చేసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి దాని ముందు నన్ను కూర్చోబెట్టారు. మాచర్లలో ఒక గది అద్దెకు తీసుకుని రోజూ ఫ్యాక్టరీ బస్సులో వెళ్లొచ్చేదాన్ని.

మా వర్క్స్ మేనేజరు శేషగిరిరావు గారికి ఆ యంత్రమంటే భయం, భక్తి రెండూ ఉండేవి. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. దుమ్ము పడకుండా మధ్యాహ్నం కూడా గుడ్డ కప్పాలి. ఆయన వచ్చి దూరంగా నిలబడి, "ఏమంటుందమ్మా ఇవాళ?" అని అడిగేవారు. ఇంట్లో ముసలావిడ ఆరోగ్యం కనుక్కున్నట్టు ఉండేది ఆ అడగడం.

ఆ యంత్రానికి సొంత గడియారం లేదు. ఆపేస్తే తేదీ మరిచిపోయేది. రోజూ పొద్దున స్విచ్చి వేయగానే ఈ రోజు తేదీ ఎంత, టైము ఎంత అని మమ్మల్నే అడిగేది. మేం ఏది టైపు చేస్తే అదే నమ్మేది. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి, ముందుముందు అవసరం పడుతుంది.

పోపుల పెట్టె

కీబోర్డుకి ఎడమ పక్కన రెండు వరుసల్లో పది మీటలు ఉండేవి. వాటితో ఏం చేయాలో మొదట్లో ఎవరికీ తెలియదు. యంత్రంతో పాటు వచ్చిన ఫ్లాపీల్లో ఒక చిన్న ప్రోగ్రాం దొరికింది. మనం నొక్కిన మీటల వరసని అది గుర్తు పెట్టుకునేది. తర్వాత ఆ పది మీటల్లో ఒకటి నొక్కితే, ఆ వరసంతా తనే మళ్లీ నొక్కేసేది. ఉదయమంతా పట్టే పని టీ తాగి వచ్చేలోపు అయిపోయేది. మొదటిసారి అది తనంతట తాను నడుస్తుంటే ప్యాకింగ్ గుమాస్తా వెనక్కి రెండడుగులు వేసి దండం పెట్టాడు.

ఇక చూడండి, ప్రతివాడికీ ఒక మీట కావాలి. అకౌంట్స్ ఆఫీసరు గారు ఒక్కొక్క పనికి ఒక్కొక్కటి చేయించుకున్నారు. పది మీటలు చాలక, రెండేసి మీటలు కలిపి నొక్కేవి, మూడేసి కలిపి నొక్కేవి కూడా పుట్టాయి. వాటికి ఆయన పెట్టిన పేర్లు 'కొత్తది', 'కొత్తకొత్తది', 'అసలుది'. నెల తిరిగేసరికి ఏది ఏం చేస్తుందో ఆయనకే తెలియదు. అంతా కలిసి అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు తయారైంది. మీట వెతుక్కోవడం కంటే చేత్తో టైపు చేసుకోవడమే నయమని గుమాస్తాలు మళ్లీ పాత పద్ధతికి దిగారు.

ఒక ఆదివారం నరసరావుపేటలో మా ఇంటికి వెళ్లినప్పుడు మా అమ్మ వంట చేస్తుంటే చూస్తూ కూర్చున్నాను. అమ్మ వంటింట్లో అరల నిండా డబ్బాలే. కానీ పొయ్యి పక్కన ఉండేది ఒక్క పోపుల పెట్టె. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, ఎండుమిర్చి, అంతే. నూనె కాగుతుంటే అమ్మ పెట్టె వైపు చూడకుండానే చెయ్యి పెట్టేది. ఏది ఎక్కడుందో వేళ్లకు తెలుసు. ఇంగువ మాత్రం అందులో ఉండేది కాదు. విడిగా, మూత బిగించిన చిన్న డబ్బాలో పైన ఉండేది. "దాన్ని దీంట్లో పెడితే అన్నీ అదే వాసనొస్తయ్యే. దానికి చెయ్యెత్తి తీసుకోవాలి" అంది అమ్మ.

సోమవారం వెళ్లి అన్నీ చెరిపేశాను. అకౌంట్స్ ఆఫీసరు గారు మేనేజరు దాకా వెళ్లి అరిచారు. అరవనిచ్చాను. పది మీటలకు పదే పనులు పెట్టాను. రోజూ చేసేవి పైన, వారానికోసారివి కింద. నెలకోసారి పనులు అసలు మీటల్లో లేవు, ఫ్లాపీలో ఉండేవి, కావలసినప్పుడు దించుకోవాలి. పేర్లు యంత్రం ఏం చేస్తుందో దాన్ని బట్టి కాక, మనిషి వచ్చి ఏమని అడుగుతాడో దాన్ని బట్టి పెట్టాను. ఎవరూ నా దగ్గరికి వచ్చి "డిస్పాచ్ స్టేట్‌మెంట్ తీయమ్మా" అనేవాళ్లు కాదు. "వ్యాగన్లు తియ్యి", "బస్తాలు తియ్యి" అనేవాళ్లు. అట్ట మీద 'వ్యాగన్లు', 'బస్తాలు' అనే రాశాను. చీరల పెట్టె అట్ట మీటల చుట్టూ సరిపోయేలా కత్తిరించి అమర్చితే గుమాస్తాలంతా చూడకుండా నొక్కడం నేర్చుకున్నారు. నెలాఖరున ఒకసారి చూసేదాన్ని. ఆ నెలంతా ఎవరూ ముట్టని మీటని నిర్దాక్షిణ్యంగా తీసేసేదాన్ని. పోపుల పెట్టెలో పురుగు పట్టిన మెంతుల్ని ఎవరు దాస్తారు?

గుడ్డి ఎద్దు

ఒకరోజు ప్యాకింగ్ గుమాస్తా తొందరలో ఉన్నాడు. తెర మీద మేనేజరు గారి ఉత్తరం తెరిచి ఉంది, హెడ్డాఫీసుకు వెళ్లాల్సినది. అతను చూసుకోకుండా 'వ్యాగన్లు' మీట నొక్కాడు. యంత్రానికేం తెలుసు? గుడ్డి ఎద్దు చేలో పడ్డట్టు ఉత్తరంలోనే నడుచుకుంటూ పోయింది. 'తమరి ఆరోగ్యం బాగున్నదని తలుస్తాను' అన్న వాక్యం మధ్యలో వ్యాగన్ల నంబర్లు వరసగా పడ్డాయి. మేనేజరు గారు చదవకుండా సంతకం పెట్టారు, టపాలో వెళ్లిపోయింది. హెడ్డాఫీసు వాళ్లు అదేదో రహస్య భాష అనుకుని మళ్లీ ఉత్తరం రాశారు.

నవ్వుకున్నాం గానీ ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టాను. ప్రతి మీటా ముందు ఎక్కడున్నా సరే అన్నీ మూసేసి మొదటి తెరకు రావాలి, అక్కడి నుంచే పని మొదలుపెట్టాలి. ఎక్కడికి వెళ్లాలన్నా ముందు ఇంటికొచ్చి బయల్దేరు అన్నమాట. శ్రావణి వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇది అవసరమేనని తను చెబితే, నాకు మనసు కుదుటపడింది.

గుంట కాగితం

ఫ్యాక్టరీకి సున్నపురాయి కావాలి. రాయి కోసం రెండు గుంటలు తవ్వేవాళ్లు. ఒకటి వాగు గుంట, ఒకటి చింతల గుంట. ఒకరోజు ఒక గుంటలో, మర్నాడు రెండో గుంటలో మందుగుండు పెట్టి పేల్చేవాళ్లు. సోమవారం వాగు గుంట, మంగళవారం చింతల గుంట, అలా వారమంతా. పేల్చే ముందు ఆ గుంట చుట్టూ ఉన్న దారులన్నిటి మీదా కాపలావాళ్లు ఎర్ర జెండాలతో నిలబడాలి. రెండు గుంటలకూ దారులు వేరు. ఎవరు ఏ దారి మీద నిలబడాలో రోజూ ఒక కాగితం వెళ్లేది. దాన్ని గుంట కాగితం అనేవాళ్లం.

చింతల గుంట పక్కనుంచే మిరపచేలకు పోయే డొంక ఉంది. కోతల రోజుల్లో పొద్దుటి నుంచీ ఆడవాళ్లు ట్రాక్టరు ట్రక్కుల్లో, నడిచీ ఆ డొంక మీద తిరుగుతూనే ఉంటారు. సైరన్ రోజూ మోగుతుంది కాబట్టి దాన్ని వాళ్లు లెక్కచేయరు. డొంక మీద జెండా ఉంటే ఆగుతారు. జెండా లేకపోతే ఇవాళ పేల్చేది అవతలి గుంటలోలే అనుకుని సాగిపోతారు. అంటే వాళ్ల ప్రాణం ఆ జెండా మీద, జెండా ఆ కాగితం మీద ఆధారపడి ఉన్నాయి.

అంతకుముందు ఆ కాగితం నేనే టైపు చేసేదాన్ని. రోజూ పొద్దున క్వారీ ఫోర్‌మన్ కోటిరెడ్డి గారికి ఫోన్ చేసి, "ఇయ్యాల ఏ గుంట బాబాయ్ గారూ?" అని అడిగేదాన్ని. ఆయన చెప్పేవారు. నేను కొట్టేదాన్ని. ఇది కూడా మీటకు ఎక్కితే బాగుంటుందని మేనేజరు గారు అన్నారు. నిజమే, రోజూ అదే కాగితం, గుంట పేరూ మనుషుల పేర్లూ తప్ప. యంత్రం తేదీ చూసుకుని, ఏ వారమో లెక్కగట్టి, గుంటను తనే ఎంచుకుని మూడు ప్రతులు తీసేలా మీట తయారైంది. అట్ట మీద 'గుంట' అని రాశాను. వానకో మరమ్మతుకో వరస మారిన రోజున కోటిరెడ్డి గారే ఫోన్ చేసి చెప్పేవారు, ఆ రోజుకి చేత్తో కొట్టేదాన్ని. అలా ఒకే గుంటలో వరసగా రెండు రోజులు పేల్చడం కూడా అప్పుడప్పుడు ఉండేది.

అందరూ మెచ్చుకున్నారు. రోజూ చేసే ఫోన్ ఆగిపోయింది. ఫోన్ ఆగిపోయిన సంగతి గురించి ఎవరమూ ఆలోచించలేదు.

యంత్రానికి ప్రస్థానం

యంత్రానికి కొత్త గది కట్టారు. చల్లటి గది. సోమవారం పొద్దున ప్రవేశానికి మేనేజరు గారు ముహూర్తం పెట్టించారు. యంత్రాన్ని పీటల మీద ఊరేగించినంత పనిచేసి కొత్త గదిలో దించాం. ఇంతలో కరెంటు పోయింది. ఆ రోజంతా రాలేదు. ముహూర్తం దాటిపోయింది. ఆ రోజు గుంట కాగితం టైపు మిషను మీద కొట్టాను. మర్నాడు మంగళవారం. మంగళవారం కొత్త గదిలో యంత్రం మొదలుపెట్టడమేమిటని ఆయన బాధ. అలాగని పని ఆగదు.

నన్నడిగితే మా ఇంట్లోనూ మంగళవారం గోళ్లు కూడా తీయరు. ఆయన్ని ఎగతాళి చేసే హక్కు నాకు లేదు.

మంగళవారం మా ఫ్యాక్టరీ బస్సు దారిలో పంచరైంది. స్టెప్నీ టైరు చూస్తే అదీ చచ్చినదే. ఇంకో బండి వచ్చి మమ్మల్ని ఎక్కించుకుని ఫ్యాక్టరీకి చేర్చేసరికి పదకొండు దాటింది. కొత్త గదిలోకి వెళ్తే అగరొత్తుల వాసన. కీబోర్డుకు కుంకుమ బొట్టు. మేనేజరు గారు కొత్త పెళ్లికొడుకులా వెలిగిపోతూ నా చేతిలో కొబ్బరి ముక్క పెట్టారు.

"ఆలస్యంగా వచ్చావమ్మా రత్నకుమారీ, శుభకార్యం అయిపోయింది."

"మంగళవారం వద్దన్నారు కదా సార్?"

"మంగళవారం నీకూ నాకూనమ్మా. యంత్రానికి ఇంకా సోమవారమే" అన్నారాయన కన్ను గీటినంత పని చేసి. "తేదీ ఎంతని అడిగింది. నిన్నటి తేదీ, నిన్నటి ముహూర్తం టైమూ ఇచ్చాను. ప్రస్థానం పెట్టినట్టు లెక్క."

ప్రస్థానమంటే ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు. ప్రయాణానికి మంచిరోజున వీలుపడకపోతే, ఆ మంచిరోజున ఒక సంచి తీసుకెళ్లి పక్కింట్లో పెట్టేవాళ్లు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. తర్వాత చెడ్డరోజున బయల్దేరినా దోషం లేదు. ఆయన యంత్రానికి అలాంటి ప్రస్థానమే పెట్టారు. ఆ తెలివికి నాకు నవ్వొచ్చింది కూడా.

"మొదటి కాగితం నా చేత్తోనే తీశాను" అన్నారు. "నువ్వు లేవు కదా, పని ఆగకూడదని గుంట మీట నొక్కాను. మూడు ప్రతులూ క్వారీకి పంపించేశాను."

కొబ్బరి ముక్క నోటి దాకా వెళ్లలేదు. యంత్రానికి సోమవారం. సోమవారమంటే వాగు గుంట. కానీ ఇవాళ మంగళవారం, క్వారీలో మందుగుండు తూటాలు పెట్టేది చింతల గుంటలో. కాపలావాళ్లంతా కాగితం ప్రకారం వాగు గుంట దారుల మీద నిలబడి ఉంటారు. మిరపచేల డొంక మీద జెండా ఉండదు.

ఎర్ర జెండా

క్వారీకి ఫోన్ కలిపేసరికి మొదటి సైరన్ మోగుతోంది. రెండో సైరన్‌కి పేలుస్తారు. కోటిరెడ్డి గారే ఎత్తారు.

"బాబాయ్ గారూ, ఇయ్యాల ఏ గుంట?"

"ఏంది అమ్మాయ్, కొత్తగా అడుగుతున్నావ్? చింతల గుంట. తూటాలన్నీ దించాం. పెట్టెయ్ ఫోను, చానా పనుంది."

"పేల్చొద్దు. కాపలావాళ్లు వాగు గుంట కాడున్నారు."

"నా గుంట సంగతి నువ్వు సెబుతావా నాకు? నీ కాయితం నా జేబులోనే ఉంది."

"ఆ కాయితం తప్పు. కాయితం చూడొద్దు బాబాయ్ గారూ. గుమ్మంలోకొచ్చి డొంక మీద మస్తాన్ జెండా కనపడుద్దేమో కంటితో చూడండి. కనపడితే ఇక మీ ఇష్టం."

మస్తాన్ అంటే ఆ డొంక మీద నిలబడే కాపలా మనిషి. పొడగరి, మాచర్ల వాడు. జెండా పట్టుకుంటే అంత దూరం నుంచీ కనపడతాడు. అవతల రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. అడుగుల చప్పుడు. మేనేజరు గారు నా పక్కనే నిలబడి ఉన్నారు, ఏం జరుగుతోందో ఆయనకు అర్థమవుతున్న కొద్దీ ఆయన ముఖం పాలిపోతోంది.

తర్వాత ఫోన్లోంచి కోటిరెడ్డి గారి గొంతు వినపడింది. నాతో కాదు. క్వారీ అంతా దద్దరిల్లేలా.

"ఒరేయ్ ఆపండ్రా! వైరు పీకెయ్యండి! రెండో సైరన్ కొట్టినోడి చెయ్యి నరుకుతా!"

అప్పుడు కుర్చీలో కూర్చున్నాను.

తర్వాత తెలిసింది. ఆయన గుమ్మంలోకి వచ్చి చూస్తే డొంక మీద జెండా లేదు, మస్తాన్ లేడు. చింతల గుంట మలుపు వైపు ట్రాక్టరొకటి వస్తోంది, ట్రక్కు నిండా కోతకు పోయే ఆడవాళ్లు. పాట పాడుకుంటూ వస్తున్నారట. ఆ వయసులో కోటిరెడ్డి గారు తలపాగా ఊడదీసి ఊపుకుంటూ డొంక మీదకు పరిగెత్తి ట్రాక్టరుకు అడ్డం నిలబడ్డారు. మస్తాన్ వాళ్లు అవతలి గుంట నుంచి చుట్టూ తిరిగి వచ్చి, తూటాలన్నీ మళ్లీ సరిచూసేవరకూ ఆ ఆడవాళ్లను అక్కడే ఎండలో నిలబెట్టారు. ఆ తర్వాతే చింతల గుంట పేలింది. ఒక్క మనిషికీ చిన్న గీత కూడా పడలేదు.

మళ్లీ అడగడం

సాయంత్రం కోటిరెడ్డి గారు ఆఫీసుకొచ్చారు. చెప్పులు విడవలేదు. సున్నం దుమ్ముతో అలాగే చల్లటి గదిలోకి వచ్చారు. మేనేజరు గారు లేచి నిలబడ్డారు.

"సార్, మీ ముహూర్తాలు మీ ఇంట్లో పెట్టుకోండి. గుంటకి ముహూర్తం లేదు" అన్నారు మొహం మీదే. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఆ మీట పీకెయ్యి" అన్నారు.

మేనేజరు గారు తల వంచుకుని, "పీకేద్దాం. అసలు ఈ మీటలే వద్దు" అన్నారు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? నేను ఆ ఉద్యోగంలో పై వాళ్లకు ఎదురు చెప్పింది తక్కువ. ఆ రోజు చెప్పాను. మీట తప్పు కాదు సార్, పది మంది పేర్లూ మూడు ప్రతులూ అది తప్పు లేకుండా తీస్తుంది. రోజూ ఒక మనిషిని అడిగి తెలుసుకునే మాటని కూడా మనం దాంట్లో పెట్టేశాం. అది పెట్టకూడదు. మనిషికి తెలిసినదాన్ని మనిషినే అడగాలి. మిగతాదే మీటకు ఇవ్వాలి.

కోటిరెడ్డి గారు తలపాగా విప్పి దుమ్ము దులిపారు. "నేను గూడా ఆ కాయితం సదవడం మానేశాలే. జెండా సూడ్డమూ మానేశా. రోజూ సరిగ్గా వచ్చేదాన్ని ఎవుడు సదువుతాడు?" అన్నారు. ఎంత నిజాయితీ గల మాటో చూడండి. ఆయన మీద గౌరవం ఆ పూటే పెరిగింది.

మేనేజరు గారి గురించి ఒక మాట చెప్పాలి. జరిగినదంతా హెడ్డాఫీసుకు తన పేరు మీదే రాశారు. యంత్రం పొరపాటు అని రాయొచ్చు, ఆ రోజుల్లో ఎవరూ ప్రశ్నించేవాళ్లు కాదు. రాయలేదు. అలాంటి ఆయన కింద పనిచేసినందుకు నాకు ఇప్పటికీ గర్వమే.

ఆ వారమే మీటలన్నిటినీ మళ్లీ సర్దాను. ఈసారి లెక్క వేరు. కాగితాన్ని కదిపే మీటలు ఒక రకం, మనిషిని కదిపే మీట ఇంకో రకం. 'బస్తాలు' తప్పుపడితే రేపు దిద్దుకుంటాం. 'గుంట' తప్పుపడితే దిద్దుకోవడానికి మనుషులు మిగలరు. దాన్ని మిగతావాటి పక్కన ఉంచకూడదు. అమ్మ ఇంగువ డబ్బా గుర్తొచ్చింది. దాన్ని రెండు వరుసల నుంచీ తీసి, రెండు మీటలు కలిపి నొక్కితే తప్ప కదలనట్టు చేశాను. అట్ట మీద దాని పేరు ఎర్ర సిరాతో రాశాను. నొక్కగానే అది కాగితం తీయదు. ఆగుతుంది. తెర మీద ఒక్క మాట అడుగుతుంది, ఇవాళ ఏ గుంట అని. కోటిరెడ్డి గారిని ఫోన్లో అడిగి, ఆయన చెప్పింది టైపు చేస్తేనే కదులుతుంది. వారాన్ని బట్టి రావలసిన గుంటా ఆయన చెప్పినదీ కలవకపోతే గీ అని అరిచి మళ్లీ అడుగుతుంది. అలా అరవడం నేర్పడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. నా చదువంతటితో నేను చేసిన మంచిపని అదే.

రోజూ మళ్లీ ఫోన్ మొదలైంది. "ఇయ్యాల ఏ గుంట బాబాయ్ గారూ?" ఆయన విసుక్కుంటూనే చెప్పేవారు. విసుక్కోని రోజు ఒంట్లో బాగాలేదేమోనని నేను అనుమానపడేదాన్ని. ఆయన రిటైరయ్యే రోజున కూడా అడిగాను. "ఏ గుంటా లేదమ్మాయ్, ఇయ్యాల నేరుగా ఇంటికే" అన్నారు.

శ్రావణీ, నీ నక్షత్రాల అర నిండా నచ్చిన పనులు పెట్టుకో, మంచిదే. ఒక్కటి చూసుకో. ఆ పనిలో ఎక్కడైనా ఇదివరకు ఒక మనిషి ఇంకో మనిషిని ఏదైనా అడిగేవాడా? అడిగేవాడైతే ఆ అడగడాన్ని మింగెయ్యకు.

నా సర్టిఫికెట్

ఫ్యాక్టరీ వాళ్లు నాకు మంచి సర్టిఫికెట్లే ఇచ్చారు. అవి బీరువాలో ఉన్నాయి. అసలైనది మాత్రం కాగితం మీద లేదు.

ఆ మంగళవారం జరిగిన కొద్దిరోజులకు శనివారం పూట మాచర్లలో నరసరావుపేట బస్సెక్కాను. మధ్యలో ఒక నడివయసు ఆవిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. ఒడిలో మిరపకాయల మూట, వేళ్లు ఎర్రగా మంట పుట్టించేలా ఉన్నాయి. నేను ఫ్యాక్టరీ బ్యాగు పట్టుకుని ఉండటం చూసింది.

"నువ్వా సిమెంటు ఫ్యాక్టరీలో చేస్తన్నావా ఏందమ్మా?"

"అవునక్కా."

"మీ వాళ్లకి బుద్ధీ జ్ఞానం ఉన్నాయా అసలు?" అని మొదలుపెట్టింది. "మొన్న మంగళారం మమ్మల్నందర్నీ డొంక మీద ఆపేశారు. తలపాగా ఊపుకుంటా ఒక ముసలాయన పిచ్చోడి మాదిరి అడ్డం పడ్డాడు. ఎందుకంటే సెప్పడు. ఎండలో నిలబెట్టి నిలబెట్టి, మేం సేలోకి పొయ్యేతలికి సగం పూట పోయింది. రైతు మమ్మల్ని నానా మాటలన్నాడు. మనుషుల్ని అట్టా ఆపొచ్చా? నీకు తెలిసినోళ్లుంటే సెప్పు, గట్టిగా అడుగు."

ట్రక్కులో పాట పాడుకుంటూ వచ్చినవాళ్లలో ఆవిడ ఒకతె. ఏం జరగబోయిందో ఆవిడకు తెలియదు. ఆ ఎర్రటి వేళ్ల వంక చూస్తూ ఉండిపోయాను. చెబుదామనుకున్నాను. చెప్పి ఏం లాభం? రేపటి నుంచి ఆ డొంక మీద నడవాలంటే భయపడుతుంది.

"తప్పేలే అక్కా, అడుగుతా" అన్నాను.

"గట్టిగా అడుగు" అంది మళ్లీ.

"రోజూ పొద్దున్నే అడుగుతా."

ఆవిడ శాంతించి మూట విప్పి నాలుగు పండు మిరపకాయలు నా బ్యాగులో పడేసింది. రొంపిచర్ల దాటేసరికి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. దిగాల్సిన చోటు వచ్చేదాకా నేను కదల్లేదు.